ఎనభై దగ్గర ముల్లు

వెన్నులో గడ్డ ఉందని తేలిన రోజు అమ్మ ఏడవలేదు. పెద్దాసుపత్రికి వెళ్లక తప్పదన్నప్పుడు మాత్రం ఒక షరతు పెట్టింది.

"చిన్నోడు నడిపితే వస్తాను. లేకపోతే నన్నిక్కడే వదిలెయ్యండి."

చిన్నోడికి నలభై మూడేళ్లు. పందొమ్మిదేళ్లు లారీ నడిపాడు. మూడేళ్లుగా స్టీరింగు ముట్టుకోలేదు. టైల్సు గోదాములో పెట్టెలు దించే పనికి నడిచి వెళ్తాడు, నడిచి వస్తాడు. ఎవరైనా స్కూటరు మీద ఎక్కించుకుంటామన్నా నవ్వి ఊరుకుంటాడు.

ఆసుపత్రి వెయ్యి కిలోమీటర్ల దూరం. అక్కడ ఆరు వారాలపాటు రోజూ రేడియేషన్ ఇవ్వాలి. అమ్మ అరగంట కూర్చోలేదు. అంబులెన్సులో తీసుకెళ్లినా ఆరు వారాలు ఎక్కడ ఉంచాలన్నది ప్రశ్న. అప్పుడు బావ తన ఇంటిబండి తాళాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఉద్యోగం అయిపోయాక ఊళ్లన్నీ చూద్దామని కొన్న బండి అది. మంచం, పొయ్యి, చిన్న స్నానాల గది అన్నీ అందులోనే. రెండు ఊళ్లు చూశాడో లేదో, ఆయన కంట్లో రెటీనా చిరిగింది. అప్పటినుంచి బండి షెడ్డులోనే ఉంది. ఆసుపత్రి వెనక ఆవరణలో ఇలాంటి బండ్లు నిలుపుకోవచ్చని అక్క ముందే ఫోనులో కనుక్కుంది.

"నాకు కళ్లు లేవు, మీ అక్కకు లైసెన్సు లేదు. ఇక నువ్వే, బామ్మర్దీ" అన్నాడు బావ.

చిన్నోడు తాళాల వంక చూశాడు గానీ చెయ్యి చాపలేదు.

మూడేళ్ల కిందట ఒక సాయంత్రం వానలో అతని లారీ ముందు టైరు పేలి, బండి వంతెన గోడను గుద్దుకుంది. పక్క సీట్లో ఉన్న తోటి డ్రైవరు అక్కడికక్కడే పోయాడు. శ్రుతి ఎరగకపోయినా రోజంతా పాడుతూనే ఉండే ఆ మనిషిని అందరూ పాటగాడు అనేవారు. తప్పు టైరుదేనని విచారణలో తేలింది. కాగితాల మీద చిన్నోడికి మచ్చ లేదు. కానీ ఆ క్షణాన మీటరు ముల్లు నూటపది మీద ఉందని చిన్నోడికి తెలుసు. గంట ముందు చేరితే గంట ఎక్కువ పడుకోవచ్చని తొక్కాడు. అంతే. మరో కారణమేదీ లేదు.

"వాడు కాకపోతే ఇంకెవరైనా దొరుకుతారమ్మా" అని అక్క నచ్చజెప్పబోయింది.

"దొరుకుతారు. నాకొద్దు" అంది అమ్మ.

మర్నాడు పొద్దున చిన్నోడు తాళాలు తీసుకున్నాడు.

మంచానికి మూడు బెల్టులు బిగించి అమ్మను పడుకోబెట్టారు. ఎదురు సీట్లో అక్క, ఆమె ఒళ్లో మందుల డబ్బా, ఒక నోటుపుస్తకం. అక్క ఇరవై రెండేళ్లుగా నీళ్ల పరీక్షశాలలో పనిచేస్తోంది. ఏదైనా మూడుసార్లు కొలవనిదే నమ్మదు. పెళ్లిచూపుల్లో బావ ఎత్తు కూడా కొలిచే ఉంటుందని అమ్మ ఎగతాళి చేస్తుంటుంది.

చిన్నోడు అరవై దాటలేదు. అక్కకు అది నచ్చింది కూడా. దారిలో ఒకచోట నాలుగువందల ఎనభై కిలోమీటర్ల మేర ఒక్క బంకు కూడా లేదు. ట్యాంకులో పట్టేది డెబ్బై లీటర్లే. డబ్బాలో డీజిలు మోసుకెళ్దామంటే, ఆ వాసనకే అమ్మ కడుపులో తిప్పుతుంది. మెల్లగా వెళ్తే డీజిలు కలిసొస్తుంది, ప్రమాదమూ ఉండదు అనుకుంది.

రోడ్డు రెండు వరుసలదే. పది నిమిషాలకే వెనక లారీలు, కార్లు పెళ్లి ఊరేగింపులా బారులు తీరాయి. హారన్లు మోగుతూనే ఉన్నాయి. చిన్నోడు అద్దంలోకి చూడడం మానేశాడు. రెండు చేతులతో స్టీరింగును పట్టుకుని, చెమటతో తడిసిన చొక్కా వీపుకంటుకుపోగా, ముందుకు మాత్రమే చూస్తున్నాడు.

మధ్యాహ్నం ఒక ఎత్తు ఎక్కుతుండగా వెనక కారొకటి ఓపిక పట్టలేక పక్కకు తిప్పి ముందుకు దూకింది. ఎత్తు అవతల నుంచి సిమెంటు లారీ దిగుతోంది. చిన్నోడు బ్రేకు తొక్కి ఎడమకు జరిగాడు. కారు వెంట్రుకవాసిలో తప్పించుకుని, వాళ్ల బండి ముందునుంచి దూసుకెళ్లి, కంకరలో గిర్రున తిరిగి ఆగిపోయింది.

ఎవరికీ ఏమీ కాలేదు. కారులోంచి దిగిన అమ్మాయికి పాతికేళ్లుంటాయి. ముందు తన కారు పట్టుకుని నిలబడింది, తర్వాత చిన్నోడి కిటికీ దగ్గరికి వచ్చింది.

"తప్పు నాదే. ఎత్తు మీద దాటకూడదు, తెలుసు. కానీ గంటనుంచి మీ వెనకే ఉన్నానండీ. ఇది రోడ్డనుకున్నారా, మీ ఇంటి హాలనుకున్నారా? పక్కకు తీసి ఓసారి మమ్మల్ని పోనిస్తే మీ సొమ్మేం పోయింది?"

ఆ అమ్మాయి కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. అతను బండి దిగి వెనక్కి వెళ్లి, నిచ్చెన పట్టుకుని వాంతి చేసుకున్నాడు.

అక్క నీళ్ల సీసాతో దిగింది. తాళాలు ఆమె చేతిలో పెట్టి, "ఎవరినైనా పిలిపించక్కా. నావల్ల కాదు. స్పీడుగా వెళ్లి ఒకణ్ణి చంపాను. ఇప్పుడు మెల్లగా వెళ్లి ఇంకొకరిని చంపబోయాను" అన్నాడు.

తెరిచిన తలుపులోంచి అమ్మ గొంతు వినిపించింది. "ఒరే, ఇలా రా."

వెళ్లి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. పొద్దున్నుంచి కుదుపులకు అమ్మ మొహం పీక్కుపోయింది.

"ఇంకా ఎంత దూరం?"

"ఏడువందల యాభై."

"నువ్వు ఇలా నడిపితే?"

"పదమూడు గంటలు."

"పదమూడు గంటలు నేను పడుకోలేన్రా" అంది అమ్మ. కోపం లేదు ఆ గొంతులో. "నిన్ను పరుగెత్తమనడం లేదు. నీ భయానికి నువ్వు మెల్లగా పోతున్నావు. మెల్లగా పోతే నీకేం కాదనుకుంటున్నావు. వెనకున్న వాళ్ల సంగతి, ఇక్కడ పడుకున్నదాని సంగతి నీకు గుర్తే లేదు. పందొమ్మిదేళ్లు నడిపావు కదా, ఏది మంచి స్పీడో నీకు తెలియదా?"

"తెలుసనుకునేవాణ్ణమ్మా."

"అయితే మళ్లీ తెలుసుకో. మీ అక్క ఉందిగా కొలవడానికి."

సాయంత్రం లారీలు ఆగే చోట, కాటా పక్కన చిన్నోడు బండి నిలిపాడు. లారీలు తూచే ఆ కాటా మీదికి ఇంటిబండిని ఎక్కించమన్నది అక్కే. తూచిన పెద్దాయన కాగితం చూసి పెదవి విరిచాడు. వెనక ఇరుసు మీద ఉండాల్సిన దానికన్నా రెండువందల కిలోలు ఎక్కువ. బావ పనిముట్ల పెట్టెలు, ఇనప బల్ల, నిండుగా ఉన్న నీళ్ల ట్యాంకు అన్నీ వెనకే. పెద్దాయన టార్చితో టైరు పక్కన చెక్కిన అంకెలు చదివాడు.

"అరుగుదల లేదు, చూడ్డానికి కొత్తవే. కానీ ఆరేళ్ల రబ్బరు, అందులోనూ షెడ్డులో నిలబడిపోయిన రబ్బరు. ముందు బరువు దించండి. గాలి సరిగ్గా పెట్టించండి. ఆ తర్వాత కూడా ఎనభై ఐదు దాటకు, బాబూ."

"అరవై?" అని అడిగాడు చిన్నోడు.

"అరవైలో నీ టైర్లు బాగుంటాయి. ఈ రోడ్డు మీద నువ్వే బాగుండవు."

బరువంతా ఆయన గదిలో దించేశారు. నీళ్లు ఒక్క బకెట్టుకు సరిపడా ఉంచి మిగతావి వదిలేశారు.

మర్నాడు తెల్లారాక, బంకులు లేని దారి మొదలయ్యేలోపు డెబ్బై కిలోమీటర్ల మేర అక్క చెప్పినట్టు నడిపాడు. కాసేపు అరవైలో, కాసేపు డెబ్బైలో, కాసేపు ఎనభైలో. ఖాళీ రోడ్డు చూసి ఐదు నిమిషాలు తొంభైలో. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు వస్తోందో మీటరు పక్కన చిన్న తెర మీద కనిపిస్తుంది. అక్క ముందు సీట్లోకి వచ్చి, అది చూసి రాసుకుంటోంది. అరవైలో తక్కువ తాగుతుందనుకుంటే, చిన్న ఎత్తు వచ్చినా గేరు దించాల్సి వచ్చి బండి మూలిగేది. ఏడున్నర మించి రాలేదు. ఎనభైలో పై గేరు వదలకుండా ఎనిమిది ఇచ్చింది. తొంభైలో ఏడుకు పడింది, గాలికి బండి పక్కకు లాగింది, చిన్నోడి మెడనరాలు బిగుసుకున్నాయి.

"వందలో ఆరు కూడా రాదు" అంది అక్క. "అంటే ట్యాంకు నిండా కొట్టించినా నాలుగువందల ఇరవై కిలోమీటర్లు. మధ్యలో ఆగిపోతాం. ఎనభై అయితే దాటేస్తాం, ఇంకా మిగులుతుంది."

"ఎనభై" అన్నాడు చిన్నోడు. "వెనక ముగ్గురు చేరితే పక్కకు తీసి పోనిస్తాను. గాలి గట్టిగా వీస్తే తగ్గిస్తాను. పెంచడం మాత్రం లేదు."

చివరి బంకులో ట్యాంకు నింపి బయల్దేరారు.

మొదటి మూడు గంటలు బాగానే గడిచాయి. రోడ్డు తాడు లాగినట్టు ఉంది. రెండు వైపులా ఎండిన గడ్డి తప్ప మరేమీ లేదు. రెండుసార్లు పక్కకు తీసి వెనకవాళ్లను పోనిచ్చాడు. ఒక లారీ డ్రైవరు దాటుతూ చెయ్యి ఊపాడు. చిన్నోడు కూడా, తెలియకుండానే, చెయ్యి ఎత్తాడు.

నాలుగో గంటలో అమ్మకు నొప్పి మొదలైంది. ముందు మూలుగు. తర్వాత పళ్ల మధ్యనుంచి ఒక సన్నని శబ్దం. అక్క డాక్టరు చెప్పిన అదనపు మాత్ర వేసింది. అది పనిచేయడానికి ముప్పావుగంట పడుతుంది. అమ్మ మంచం అంచును పట్టుకున్న చేతి వేళ్లు తెల్లబడ్డాయి.

"చిన్నోడా, కాస్త పెంచరా" అంది అక్క.

అతను ముల్లు వంక చూశాడు.

"రోడ్డు ఖాళీగానే ఉంది కదరా. వంద పోనీ. బంకు దాకా."

"నువ్వే కదక్కా లెక్క కట్టావు. డీజిలు చాలదు."

"లెక్కలు నా మొహాన కొట్టు! అమ్మ చచ్చిపోయేలా ఉందిరా, వినపడట్లేదా?"

వినపడుతోంది. అతని కాలి కింద పెడలు ఉంది. అంగుళం నొక్కితే చాలు. ఈ తొందర అతనికి బాగా తెలిసిన తొందరే. ఇప్పుడు దానికి ఎవరూ కాదనలేని కారణం దొరికింది, అంతే తేడా.

"అక్కా, ఇక్కడినుంచి వందలో వెళ్తే బంకుకు కొద్ది ముందే బండి ఆగిపోతుంది. ఇక్కడ ఫోను కూడా అందదు. ఆగిన బండిలో అమ్మ ఎన్ని గంటలు పడుకోవాలో చెప్పు. పాత టైరు పోతే బెల్టులు ఎంతవరకు ఆపుతాయో చెప్పు." అతని కాలు కదల్లేదు. "నేను పెంచనక్కా. తిట్టుకో. అమ్మ చెయ్యి పట్టుకో."

అక్క తిట్టింది. చిన్నప్పటినుంచీ ఎన్నడూ అనని మాటలన్నీ అంది. పాటగాడి పేరు కూడా ఎత్తింది. ఎత్తాక నోటి మీద చెయ్యి వేసుకుని ఏడ్చింది. చిన్నోడి కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి. వాటిని మోచేత్తో తుడుచుకుంటూ, ముల్లును ఎనభై దగ్గరే ఉంచి నడిపాడు. అరగంట, ముప్పావుగంట. అతని జీవితంలో అంత పొడుగు ముప్పావుగంట మరొకటి లేదు. ఆ తర్వాత మూలుగు పల్చబడింది. అమ్మ నిద్రపోయింది.

బంకు కనిపించేసరికి ఇంకా డెబ్బై కిలోమీటర్లకు సరిపడా డీజిలు ఉంది. అక్క దిగి ముందు సీటు దగ్గరికి వచ్చింది. అతని చేతులు ఇంకా స్టీరింగు మీదే బిగుసుకుని ఉండటం చూసి, ఒక్కొక్క వేలూ తనే విడదీసింది.

"ఆ మాట అనాల్సింది కాదురా."

"ఆకలేస్తోందక్కా" అన్నాడు చిన్నోడు.

ఆ సాయంత్రం ఆసుపత్రి చేరారు. ఆరు వారాలు వెనక ఆవరణలో, బట్టలుతికే గదుల ఆవిరి వాసన మధ్య, ఇంటిబండే వాళ్ల ఇల్లయింది. గడ్డ పూర్తిగా పోలేదు. కుంచించుకుపోయింది. నొప్పి తగ్గింది. అమ్మ కర్ర పట్టుకుని పది అడుగులు వేసింది, తర్వాత వార్డు చివరిదాకా నడిచింది. ఎంతకాలమని డాక్టరమ్మను అడిగితే, ఏడాది అనుకోండి, ఆపైన వచ్చిందంతా లాభమే అంది. అమ్మ పదహారు నెలలు బతికింది.

తిరుగు ప్రయాణంలో అమ్మ వెనక పడుకోనని మొండికేసింది. వీపు వెనక రెండు దిండ్లు పెట్టి, బెల్టు కట్టి, ముందు సీట్లో కూర్చోబెట్టారు. తొందర లేదు కనుక రోజుకు మూడు గంటలే నడిపాడు. రెండో రోజు కొండ దిగుతుండగా ఎడమవైపు పెద్ద చెరువొకటి కనిపించింది. నీళ్ల మీద తెల్లటి పక్షులు, లెక్కలేనన్ని.

"ఆపరా" అంది అమ్మ.

చిన్నోడు వెనక అద్దంలో చూసుకుని, సిగ్నలు వేసి, మెల్లగా పక్కకు తీశాడు. అక్క కిటికీ అద్దం దించింది. వెనక వరుసలో ఉన్న కార్లు ఒకటొకటిగా దాటిపోయాయి.