ఎర్ర బండిలో వాన వాసన

ఆ కారులో వాన వాసన వచ్చింది. నేను పడిపోయింది దానికే.

తోలు సీట్ల వాసనో, సెంటు వాసనో అయితే తట్టుకునేవాణ్ణి. తలుపు తీసి కూర్చోగానే, ఎండిన నేల మీద తొలి చినుకులు పడ్డప్పుడు లేచే వాసన వచ్చింది. మా వైపు అది ఏడాదికి రెండు మూడుసార్లు దొరికితే గొప్ప. కళ్ళు మూసుకున్నాను. కర్నూలు బయట, బెంగుళూరు రోడ్డు పక్కన, మే నెల ఎండలో మండిపోతున్న అద్దాల షోరూంలో నాకు జల్లు వినిపించింది. గండికోట దారిలో పోతున్నాను. పైకప్పు తెరిచి ఉంది. ముద్దనూరు దాటాక మబ్బు పట్టింది. చినుకులు నా ముంజేతుల మీద ఒక్కొక్కటే పడుతున్నాయి.

"కండ్లు మూసుకున్యాడంటే సారుకు నచ్చినట్లే," అన్నాడు షోరూం యజమాని వసంతకుమార్.

"కండ్లు తెరువప్పా," అన్నాడు బయట నిలబడ్డ లాల్ అహమ్మద్ మామ. "తెరిచి, దిగి, ఇట్ల రా."

దిగాను. నా మొహం చూసి మామ తల పట్టుకున్నాడు. అప్పటికే బేరం సగం చెడగొట్టానని నాకూ తెలుసు.

నా పేరు ఏసుకుమార్. మంగంపేట ముగ్గురాళ్ళ గనుల్లో ఇరవై ఆరేళ్ళు టిప్పర్ తోలాను. ముగ్గురాయి పొడి ఎవరినీ వదలదు. వంటి మీద, కనుబొమల మీద, క్యారియర్లో అన్నం మీద కూడా తెల్లగా పేరుకుంటుంది. సాయంత్రం ఇంటికి పోతే నా భార్య కృపమణి గడపలో నిలబడి, "ఎవరు కావల్లప్పా?" అని అడిగేది. అంతకాలం ఆ తెలుపులో బతికినవాడికి ఎరుపు మీద మోజు పుట్టడం తప్పని ఎవరైనా అంటే వాళ్ళతో నాకు మాటల్లేవు.

ఆ మోజు ముద్దనూరు దగ్గర పట్టుకుంది. లోడు దించి వస్తుంటే, గండికోట చూడ్డానికి పోయేవాళ్ళెవరో ఎర్ర స్పోర్ట్స్ కారులో నన్ను దాటిపోయారు. రెండే సీట్లు. కప్పు తెరిచి ఉంది. నేలకు అంత దగ్గరగా కూర్చుని మనుషులు ఎక్కడికైనా పోవచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. ఆ రోజు నుంచి నేను నిద్రలో గేర్లు మారుస్తానని కృపమణి చెబుతుంది.

కొత్తది మనకందదు. పాతదానికే ఫోనులో ధరలు చూసుకుంటూ వచ్చాను. మొదటిసారి చూసినప్పుడు పద్నాలుగు లక్షలు. గని పెద్దది చేయడానికి మా పొలం తీసుకుని డబ్బులిచ్చేనాటికి ఇరవై ఒకటి అయింది. కృపమణి తన సగం తీసుకుని బర్రెలు కొనుక్కుంది. "నీ సగం నీ ఇష్టం, నా సగం మీద చెయ్యి పడితే చూడు," అంది. నా సగం పద్దెనిమిది లక్షలు. నేను ఒక అడుగు వేస్తే ఆ కారు ఒక గేరు వేసేది. డాలరు పెరిగిందనేవాళ్ళు, పన్ను పెరిగిందనేవాళ్ళు, ఇట్లాంటి బండ్లు ఇంక తయారు కావనేవాళ్ళు. మా సీమలో దేనికి కరువున్నా డీలర్ల దగ్గర కారణాలకు కరువు లేదు.

అందుకే లాల్ మామను తోడు తెచ్చుకున్నాను. నలభై ఏళ్ళు పశువుల సంతల్లో దళారిగా ఉన్న మనిషి. మా నాయనకు మూడు జతల ఎద్దులు ఇప్పించింది ఆయనే. ఒక్కటి కూడా చెడ్డది రాలేదు. బస్సులో వస్తూ నాకు పాఠం చెప్పాడు. నచ్చినదాన్ని చూడొద్దు, పక్కదాన్ని చూడు. నచ్చినదాని మీద చెయ్యి వెయ్యొద్దు. ధర వినగానే దగ్గు, మాట్లాడొద్దు. షోరూంలో అడుగుపెట్టిన ఐదు నిమిషాల్లో నేను కారును చూశాను, నిమిరాను, లోపల కూర్చున్నాను, కళ్ళు కూడా మూసుకున్నాను. దగ్గడం ఒక్కటి మిగిలింది.

"ఇరవై నాలుగు," అన్నాడు వసంతకుమార్. "వచ్చే నెల ఇరవై ఏడు అయితాది సార్. బెంగుళూరు పార్టీ ఒకటి అడుగుతాండాది. మీ మొహం చూసి ఆపినా."

నేను దగ్గాను. అప్పటికి అది ఎవరికీ పనికిరాలేదు.

లాల్ మామ మాత్రం కారును గానీ వసంతకుమార్‌ను గానీ చూడటం లేదు. ఏసీ గాలి తగిలే మూలలో ప్లాస్టిక్ కుర్చీలో ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. భుజాన చారల తువ్వాలు. అంత మెరుపులో ఆయన ఒక్కడే మెరవకుండా ఉన్నాడు.

"పత్తికొండ సంత గోపన్నవు కదప్పా నువ్వు?" అని అడిగాడు మామ.

ముసలాయన కాసేపు చూశాడు. "లాలూ," అన్నాడు. "శానా సన్నగైపోయినావు."

"మా నాయన," అన్నాడు వసంతకుమార్ ఇబ్బందిగా. "ఈడికి ఊరికే ఏసీకి వస్తాడు. ఈ బండ్ల సంగతి ఆయనకేం తెలీదు."

"తెలిసిన పద్ధతిలోనే మాట్లాడుకుంటాం లే," అన్నాడు మామ.

సంతలో ధర నోటితో చెప్పరు. అమ్మేవైపు దళారి, కొనేవైపు దళారి చేతుల మీద తువ్వాలు కప్పుకుని, దాని కింద వేళ్ళు పట్టుకుని మాట్లాడుకుంటారు. ఎన్ని వేళ్ళు పడితే అంత. వేలు మడిస్తే ఒక అర్థం, అరచేతిలో గీస్తే ఇంకో అర్థం. పక్కనే నిలబడ్డ కొనేవాడికి కూడా లోపల ఏం జరుగుతోందో తెలియదు. ఆ తువ్వాలు కింద అబద్ధం చెప్పకూడదు. అక్కడ విన్నది పైకి చెప్పకూడదు. ఈ రెండు కట్టుబాట్లు తప్పిన దళారికి ఏ సంతలోనూ మళ్ళీ చెయ్యిచ్చేవాళ్ళుండరు.

వసంతకుమార్‌కు నవ్వొచ్చింది. "కానీండి, కానీండి. వీడియో తీస్తా, ఇన్‌స్టాలో పెట్టుకుంటా," అని ఫోను తీశాడు.

ముసలాయన తువ్వాలు తీసి చేతుల మీద పరిచాడు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఎటో చూస్తూ ఉండిపోయారు. తువ్వాలు కింద చిన్నగా కదలిక. నేను ఆ కదలికనే చూస్తున్నాను. ఒక మడత లేచినప్పుడల్లా ఒక లక్ష తగ్గిందనుకున్నాను. మడతలు లేస్తూనే ఉన్నాయి. నేను మళ్ళీ ముద్దనూరు దాటాను, జమ్మలమడుగు దాటాను, పెన్నా లోయ దాకా పోయాను. అంతలో లాల్ మామ మొహంలో ఏదో మారింది. ముసలాయన కళ్ళు దించుకున్నాడు.

మామ తువ్వాలు తీసి, మడిచి, ఆయన భుజాన వేశాడు.

"కుదర్లే. పోదాం పా."

అంతే. ఎంతకని నేను అడుగుతున్నా వినకుండా బయటికి నడిచాడు. నా ఇరవై ఆరేళ్ళ పొడి మళ్ళీ నా మీదే పడినట్టయింది. బస్సులో ఆయన పక్కన కూర్చోలేదు.  కారు కొనుక్కోవడం చేతకానివాణ్ణని తెలుసు గానీ, చేతకానివాణ్ణి తోడు తెచ్చుకున్నానని అప్పుడే అనిపించింది. ఆ మాటే ఆళ్ళగడ్డలో బస్సు ఆగినప్పుడు ఆయన మొహం మీదే అనేశాను.

మామకు కోపం రాలేదు. టీ గ్లాసు కింద పెట్టి, తన తువ్వాలు నా చేతుల మీద కప్పాడు. దాని కింద నా అరచేయి తెరిచి, మణికట్టు నుంచి వేళ్ళ దాకా వంకరటింకరగా ఒక గీత గీశాడు. మళ్ళీ గీశాడు. తరువాత నాలుగు వేళ్ళు పట్టుకున్నాడు. వదిలి, ఇంకోసారి నాలుగు పట్టుకున్నాడు.

"ఎనిమిదా?" అన్నాను. "ఆ గీతేంది?"

"ఎద్దుల సంగతి చెప్తాండా, విను," అన్నాడు. "కారు సంగతి నేనేం చెప్పడంలే. ఏట్లో కొట్టుకుపోయి బతికొచ్చిన ఎద్దు ఉంటాది. పైకి బాగనే కనపడ్తాది, నిగనిగలాడ్తా ఉంటాది. లోపల ఊపిరి తడిసి ఉంటాది. దాన్ని అమ్మేటప్పుడు మేము చేతిలో ఇట్ల గీస్తాం."

టీ చల్లారిపోయింది. నాకు ఆ వాసన మళ్ళీ గుర్తొచ్చింది. తొలకరి అనుకున్నది తొలకరి కాదు. ఎక్కడో ఏటి పక్క ఊళ్ళో వరదకు మునిగిన బండి అది. మ్యాట్ల కింద ఇంకా బురద ఉండే ఉంటుంది. రోజూ నీళ్ళు చూసేవాళ్ళయితే ముక్కు మూసుకుని దిగిపోయేవాళ్ళు. నేను మాత్రం కళ్ళు మూసుకుని కూర్చున్నాను. సిగ్గేసింది. మామ చెయ్యి వదలకుండా అట్లాగే పట్టుకున్నాను.

"కొడుకు అంగట్లో కూర్చుని తండ్రి చెప్పినాడు," అన్నాను.

"నేనేం వినలే," అన్నాడు మామ.

వారం రోజులు వసంతకుమార్ ఫోను చేస్తూనే ఉన్నాడు. ఇరవై మూడన్నాడు, ఇరవై రెండున్నర అన్నాడు, బెంగుళూరు పార్టీ బయల్దేరిందన్నాడు. నేను మాత్రం ఆ కారునే కలగంటున్నాను. ఇప్పుడు కలలో అది నీళ్ళ అడుగున నిలబడి ఉంటుంది. దీపాలు వెలుగుతూ ఉంటాయి. నేను ఈదుకుంటూ పోయి తలుపు తీస్తాను. నాకు ఈత రాదు.

"మునిగిందని తెలిసి కూడా కొంటావా?" అంది కృపమణి.

"తెలిసి కొంటే మోసమెట్లయితాది?" అన్నాను. "తడిసిందానికి తడిసిన ధర ఇస్తా. మన ఎండకు ఆరని తడి యాడన్నా ఉందా?"

ఆమె పాల చెంబు కింద పెట్టింది. "ఎనిమిది దాటితే ఇంటికి రాగాకు," అంది.

ఈసారి ఒంటరిగా పోయాను. ముసలాయన అదే కుర్చీలో ఉన్నాడు. ఆయన వైపు చూడకూడదని ముందే అనుకున్నాను. ఆయన పేరు బయటికి రాకూడదు. నేరుగా కారు దగ్గరికి పోయి, సీటు కింద మ్యాటు లేపి, చెయ్యి దూర్చి గోకాను. గోళ్ళ నిండా నల్లటి ఒండ్రు వచ్చింది. దాన్ని తెచ్చి వసంతకుమార్ అద్దాల బల్ల మీద పెట్టాను.

"మాది ముగ్గురాళ్ళ ఊరు సార్. మట్టిని చూస్తే మా ఊరిదా కాదా అని చెప్పగలం. ఇది ఏటి మట్టి. ఎనిమిది లక్షలు ఇస్తా."

అతను ముందు నాకేమీ తెలియదన్నాడు. తరువాత పదహారన్నాడు. తనకు అమ్మినవాడే తనను మోసం చేశాడన్నాడు. అది నిజమే అయ్యుండొచ్చు, గొంతు వణికింది. ఎనిమిదికి ఇస్తే షోరూం మూసుకోవాలన్నాడు. నేను లేచి నిలబడ్డాను. నా కాళ్ళు వెళ్ళడానికి ఒప్పుకోవడం లేదు. అతను దాన్ని చూస్తాడేమోనని భయపడ్డాను.

అప్పుడు మూలలో కుర్చీ కిర్రుమంది. ముసలాయన లేచి, మెల్లగా వచ్చి, కొడుకు ఎదుట నిలబడ్డాడు. తువ్వాలు తన కుడిచేతి మీద కప్పి ముందుకు చాపాడు.

వసంతకుమార్ నవ్వలేదు. ఫోను తీయలేదు. "నాకు రాదు నాయనా," అన్నాడు.

"చెయ్యి పెట్టు. వస్తాది."

పెట్టాడు. ఎంతసేపో నాకు తెలియదు. తువ్వాలు పెద్దగా కదల్లేదు. తండ్రి ధర చెప్పాడో, ఇంకేం చెప్పాడో, ఆ ఇద్దరికే తెలుసు. కొడుకు మొహం మాత్రం బడిలో తప్పు లెక్క దిద్దించుకుంటున్న పిల్లాడిలా అయిపోయింది. చెయ్యి తీసుకున్నాక కాసేపు దాన్నే చూసుకున్నాడు.

"ఎనిమిదే," అన్నాడు. "మునిగిన బండి అని కాగితంలో రాసిస్తా. రేపు నన్ను అనకూడదు."

"అనను," అన్నాను. ముసలాయన మళ్ళీ పోయి ఏసీ కింద కూర్చున్నాడు. దుడ్లు జాగ్రత్తగా తెచ్చుకోమని మాత్రం నాతో అన్నాడు.

ఆ తరువాత నెల రోజులు మా మిద్దె మీద సీట్లు, మ్యాట్లు, గుడ్డలు అన్నీ పరిచాను. పక్కనే కృపమణి మిరపకాయలు ఎండేసింది. కడప మెకానిక్ వైర్లన్నీ మార్చి, తిట్టి, డబ్బులు తీసుకుని, మళ్ళీ తిట్టాడు. బండి ఒక రోజు పొద్దున స్టార్టయింది. పక్కసీటులో కూర్చోమంటే కృపమణి, "ముందు మీ దళారిని కూర్చోబెట్టుకుని తిప్పు, బతికొస్తే నేనెక్కుతా," అంది.

అట్లా లాల్ మామ, నేను గండికోటకు పోయాం. కప్పు తెరిచాను. మామ తలకు తువ్వాలు చుట్టుకున్నాడు. ముద్దనూరు దాటాం. నేను అనుకున్నంత కిందుగానే కూర్చున్నాం, అనుకున్నంత ఎర్రగానే పోతున్నాం. మేకలు కాసేవాళ్ళు నిలబడి చూశారు. అయినా ఏదో లేదు. కోట దగ్గర, లోయ కనిపించేచోట బండి ఆపాక తెలిసింది. వాసన లేదు. మన ఎండకు ఆరని తడి లేదని నేనే అన్నాను కదా. మొత్తం ఆరిపోయింది. ఎనిమిది లక్షలు పోసి నేను దేనికోసం వచ్చానో అది మా మిద్దె మీద మిరపకాయల పక్కన ఆవిరైపోయింది. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. మామతో చెప్పాను. చెబుతూ చెబుతూ మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాను. యాభై రెండేళ్ళవాణ్ణి, దాచుకోలేకపోయాను.

మామ తాగడానికి తెచ్చుకున్న నీళ్ళ సీసా మూత తీశాడు. వంగి, కాళ్ళ దగ్గర మ్యాటు మీద కొద్దికొద్దిగా చిలకరించాడు. ఎంత దులిపినా ఆ పోగుల్లో ఏటి మట్టి కాస్త మిగిలే ఉంటుంది.

"ఇప్పుడు మూసుకోప్పా కండ్లు," అన్నాడు.