కుడికంటి ఆకలి

పప్పన్నం ముద్ద నోట్లో పెట్టుకోగానే యేసురత్నం కుడికన్ను కారడం మొదలైంది. కుడికన్ను ఒక్కటే. నీళ్ళు చెంప మీదుగా గడ్డం దాకా జారుతుంటే భుజం మీది తువ్వాలుతో తుడుచుకుని మళ్ళీ ముద్ద కలుపుకున్నాడు. ఎదురుగా కూర్చున్న పెళ్ళాం రెబెక్కా మాత్రం తన కంచం పక్కకు జరిపేసింది.

నెల రోజులుగా ఇదే తంతు. తిండి ముందు కూర్చుంటే ఏడుపు, చెయ్యి కడుక్కుంటే బంద్.

"ఏందయ్యా, ఎందుకేడుస్తున్నవ్?" అంటే, "ఏడుస్తలేనే, అదే కారుతున్నది" అంటాడు. అదే కారడానికి అదేమైనా కుళాయా? రెబెక్కా నమ్మలేదు. ఆమె దగ్గర కారణం సిద్ధంగా ఉంది మరి.

మట్టల ఆదివారం నాడు చర్చి నుంచి వచ్చీ రాగానే, కొత్తూరులో పొట్టేలు మాంసం బాగుంటుందని మొగుణ్ణి బండెక్కించి పంపింది తనే. హైవే మీద బండి జారింది. చెవి వెనక ఎముక చిట్లి, ముఖం కుడిసగం చచ్చుబడింది. ఎయిర్‌పోర్టులో విమానాలకు బ్యాగులెక్కించే మనిషి నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్నాడు. తర్వాత దేవుడి దయవల్ల ముఖం మెల్లమెల్లగా కదిలింది, డ్యూటీకి పోతున్నాడు. ఇన్నాళ్ళలో ఆమెను ఒక్క మాట అనలేదు మహానుభావుడు. అనకపోవడమే ఆమెను కాల్చుకు తింది. ఇప్పుడేమో తన చేతి కూడు చూస్తేనే ఆ రోజు గుర్తొచ్చి ఏడుస్తున్నాడని ఖాయం చేసుకుంది. ఆ ఆదివారం నుంచి ఆ ఇంట్లో మాంసం వండలేదు.

చివరికి పోరు పెట్టి, శంషాబాద్‌లోనే ఉన్న నరాల డాక్టరు కామాక్షి దగ్గరికి లాక్కెళ్ళింది. ఆవిడ నిమ్మకాయ బద్ద ఒకటి ఇచ్చి చప్పరించమంది. చప్పరించాడో లేదో, కన్ను బొటబొటా కారింది.

"ఇది ఏడుపు కాదమ్మా, నోరూరడం" అంది కామాక్షి.

"కంట్లనా?" రెబెక్కా నోరు తెరిచింది.

"చెవి వెనక, ఎముక లోపల ముఖం నరానికి చిన్న ముడి ఉంటుందండీ. గాంగ్లియన్ అంటారు. కంట్లో నీళ్ళు ఊరించే పోగులూ, నోట్లో ఊరించే పోగులూ ఆ ముడి దాకా కలిసే వచ్చి అక్కడ విడిపోతాయి. ఈయనకి సరిగ్గా అక్కడే దెబ్బ తగిలింది. తెగిన పోగు ఊరుకోదు, మళ్ళీ పెరుగుతుంది. రోజుకి గసగస గింజంత. అలా వెతుక్కుంటూ వచ్చినవాటిలో నోటికి వెళ్ళాల్సినవి కొన్ని కంటి దారి పట్టాయి."

"అంటే ముంబై పోయే బ్యాగు చెన్నైల దిగినట్టు" అన్నాడు యేసురత్నం.

"అంతేనండీ. మరీ ఇబ్బందైతే ఇంజెక్షన్ ఉంది, తగ్గుతుంది."

రెబెక్కా ఆ మాట వినలేదు. మొగుడి చెవి వెనకే చూస్తోంది.

ఇంటికొస్తూ అరకిలో మాంసం తెచ్చింది. మసాలా నూరబోతూ గసగస గింజ ఒకటి వేలి కొసన పెట్టుకుంది. ఒక రోజంతా నడిస్తే ఇంత! తను అంట్లు తోముతున్నప్పుడు, ఆయన మంచంలో గోడవైపు తిరిగి పడుకున్నప్పుడు, ఎవరూ పురమాయించకుండానే ఆ ఎముక లోపల ఈ నడక సాగుతూనే ఉంది. దారి తప్పింది గానీ ఆగలేదు. ప్రభువా, ఏం పనితనమయ్యా నీది! నూరడం మరిచి చాలాసేపు అలాగే నిలబడిపోయింది.

రాత్రి కూర నాలుకకు తగలగానే యేసురత్నం కుడికన్ను వరదైంది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. కన్ను సంగతి తేలిపోయింది సరే, మనసు సంగతో? రెబెక్కా గుండె చిక్కబట్టుకుంది.

"ఒకటడుగుత, నిజం చెప్పు. ఆ దినం నేను పంపకుంటే నీకు గిట్ల అయ్యేది గాదు. నా మీద కోపం లేదా?"

యేసురత్నం ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"కోపమా? హెల్మెట్ పెట్టుకో అని గేటు దాకా వచ్చి ఒర్రినవ్. నేను ఇనలే, చేతికి తగిలిచ్చుకొని పోయిన. నువ్వు గా మాట ఏడ యాది చేస్తవోనని, ఇన్ని దినాలు నేనే నోరు మూసుకున్న."

రెబెక్కాకు రెండు కళ్ళూ ఒక్కసారే నిండిపోయాయి.

"నాకంటే దెబ్బ తగిలింది" అన్నాడు యేసురత్నం, తువ్వాలు ఆమె చేతిలో పెడుతూ. "నీకేమైందే? నువ్వింక తిననే లేదు."