సగం పడుగు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా పెడన బడిలో పిల్లలందరికీ తెలుసు. నలభయ్యారులో ఆ పిల్లల్లో చౌడేశ్వరమ్మ ఎనిమిదో తరగతి ఫస్టున ప్యాసయింది. బెజవాడ ట్రెయినింగ్ స్కూలుకు పంపితే రెండేళ్ళలో నాలాగే పంతులమ్మ అవుతుంది. అప్లికేషను మీద తండ్రి సంతకం కావాలి. మే నెలాఖరు గడువు.

తండ్రి కోటిలింగం నేతగాడు. మొదటిసారి వెళ్ళి గంటసేపు చెప్పాను. మగ్గం గుంటలోంచి లేవకుండానే విని, "ఈ పడుగు తేలనివ్వండి, తెరేసమ్మగారూ" అన్నాడు. పడుగంటే మగ్గానికి ఒక్కసారిగా ఎక్కించే నిలువు నూలు. ఎనిమిది చీరలు నేస్తేగాని తేలదు. తేలగానే ఇంకోటి ఎక్కిస్తారు. దానికి అంతెక్కడ? పిల్ల పక్కనే రాట్నం మీద కండెలు చుడుతోంది. తనను నేనొక్క మాటా అడగలేదు. రెండోసారి వెళితే మళ్ళీ అదే జవాబు. నాకు ఒళ్ళు మండింది. గడువు మాట ఈసారీ ఎత్తకుండా, అప్లికేషను సంచీలోంచి తియ్యకుండా తిరిగొచ్చి దాన్ని పెట్టెలో పడేశాను.

జూన్ మొదటివారంలో, నాలుగు దులిపేద్దామనే మళ్ళీ వెళ్ళాను. మగ్గం ఖాళీగా ఉంది. కోటిలింగం అరుగు మీద కూర్చుని కొత్త రేకుపెట్టెకు తాళం సరిచూస్తున్నాడు. భార్య భద్రమ్మ రాట్నం తిప్పుతోంది. చెయ్యి ఇంకా కుదరక నూలు తెగుతోంది.

"అప్పుడే తేలిందా?" అన్నాను.

"ఈసారి నాలుగు చీరలకే వేశానండి. జూన్‌లో వెళ్ళాలని మీరు బడిలో చెప్పారంటగా. పరీక్షలవగానే ముగ్గురం కూచుని రోజులు లెక్కేసుకున్నాం. కండెలు వాళ్ళమ్మ నేర్చుకుంటంది. సంతకం ఎక్కడ పెట్టమంటారు?"

"నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?"

"చెప్పాను కదండీ, పడుగు తేలనివ్వమని."

గడువు దాటి ఆరు రోజులైందని చెప్పాను. మళ్ళీ చేర్చుకునేది వచ్చే ఏడు జూన్‌లోనే. తప్పు నాదేనన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

చౌడేశ్వరమ్మ లోపల్నించి వచ్చి, తల్లిని లేపి, రాట్నం ముందు కూర్చుంది. కోటిలింగం మగ్గం వైపు చూశాడు.

"అయితే ఇంకో పడుగు ఎక్కించాలి. ఈసారి ఎన్ని చీరలకు వెయ్యమంటారో మీరే చెప్పండి" అన్నాడు.