మూడు పేర్ల తలుపు

వరుసగా నాలుగో ఆట ఓడిపోయాక దేవిక చేతిలో మిగిలిన కార్డులన్నీ బల్లమీద వెల్లకిలా పరిచింది. అన్నీ మంచి కార్డులే. ఏనుగు దండు ఉంది, పిడుగు ఉంది, రెండు కొనల కత్తి ఉంది. కావలసిన ఇనుప తలుపు ఒక్కటి లేదు.

"మల్ల రాలే గదా?" అన్నాడు ఎదురుగా కూర్చున్న అఖిల్, తన అగ్ని గరుడం కార్డుతో విసురుకుంటూ. "నన్ను జూస్తే నీ తలుపులు యాడనో దాక్కుంటున్నయి దేవికా."

"దాక్కోనియ్యి. ఆదివారం దాంకనే."

"ఆదివారం గూడ గిట్లనే అయితది. రాసిస్తా, సంతకం జేస్తా."

దుర్గం ఆట మెదక్‌కు వచ్చి ఏడాదయింది. పది రూపాయల ప్యాకెట్లో ఐదు కార్డులుంటాయి. ఏవి వస్తాయో చింపితే గాని తెలియదు. అలా పోగేసుకున్నవాటిలోంచి నలభై ఏరి కట్ట చేసుకోవాలి. కలిపి, ఏడు చేతిలోకి తీసుకుని, ఆపైన వంతుకొకటి లాగుతూ ఆడాలి. ఎదుటివాడి దండు మీదికొచ్చినప్పుడు అడ్డుకునే కార్డు లేకపోతే ప్రాణాలు పోతాయి. పది ప్రాణాలూ పోతే కోట పోయినట్టే. అన్నిటికంటే గట్టి అడ్డు ఇనుప తలుపు. అయితే ఒకే పేరున్న కార్డు కట్టలో మూడింటికి మించి ఉండకూడదు.

దేవికకు ఈ ఆట ట్యూషన్ పిల్లలు నేర్పారు. ఆర్నెల్లు తిరక్కుండానే పిల్లలు ఆమెతో ఆడటానికి భయపడటం మొదలుపెట్టారు. ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమే. బీఎస్సీలో లెక్కలు, స్టాటిస్టిక్సు. ఆ చదువుకు తగిన పని మాత్రం ఊళ్లో ఇంకా దొరకలేదు. శంకరంపేటలో స్వామి మామకు పురుగుమందుల దుకాణం ఉంది. దసరాలోపు నౌకరి దొరక్కపోతే వెళ్లి ఆ కౌంటర్లో కూర్చోవాలని తండ్రి గాలయ్య మాట ఇచ్చేశాడు. దసరా వెళ్లిపోయింది. అన్ని ఉద్యోగాలవాళ్లూ దిగిన ప్రత్యేక రాష్ట్ర సమ్మెలో బస్సులు బందయ్యాయి కాబట్టి గాని, లేకపోతే ఆమె సూట్‌కేసు ఈపాటికి శంకరంపేట చేరేది.

ఆదివారం పోటీ అందుకే ఆమెకు ఆట కాదు. చర్చి రోడ్డులో జయానందం సార్ బుక్‌స్టాల్ ఉంది. కార్డుల కంపెనీ ప్రతి పట్నంలో ఒక దుకాణం ఎంచుకుని, అక్కడ ఆట నేర్పడానికి, పోటీలు నడపడానికి ఒక మనిషిని జీతమిచ్చి పెడుతోంది. మెదక్‌లో ఆ దుకాణం జయానందం సార్‌ది. ఆదివారం పోటీలో గెలిచినవాళ్లకే ఆ పని. సమ్మె అయ్యాక పెట్టుకుందామని కంపెనీ వాళ్లంటే, "ఊరంత ఖాళీగున్నది, గిప్పుడు గాక ఎప్పుడొస్తరయ్యా జనం?" అని సారే ఒప్పించాడు.

అఖిల్‌కు ఆ జీతంతో పనిలేదు. వాళ్ల నాయిన ఇంద్రకరణ్‌కు కుల్చారంలో భూములున్నాయి, మెదక్‌లో షాపుల కాంప్లెక్సు ఉంది. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదువుతూ, కాలేజీ మూతపడి ఇంటికొచ్చాడు. గెలిస్తే ఆట నేర్పే కౌంటర్‌ను తమ కాంప్లెక్సుకు మార్పించి, అందులో ఎవరో ఒకరిని కూర్చోబెడతానంటాడు. మనిషి చెడ్డవాడేం కాదు. ఓడిపోవడం అలవాటు లేనివాడు, అంతే.

మర్నాడు పొద్దున దేవిక డిపో ముందున్న దీక్ష టెంటు దగ్గరికి మంచినీళ్ల క్యాను తీసుకెళ్లింది. గాలయ్య ఆర్టీసీలో కండక్టరు. రిలే దీక్షలో ఏ రోజు ఎవరు కూర్చోవాలో రాసే కాపీ పుస్తకం ఆయన దగ్గరే ఉంటుంది. రోజుకు పదకొండు మంది, పొద్దున మెడలో దండలేసుకుని కూర్చుంటే సాయంత్రం నిమ్మరసం తాగి లేస్తారు. మర్నాడు ఇంకో పదకొండు మంది. సమ్మె మొదలైన దగ్గర్నుంచీ ఆ టెంటు ఒక్క పూట కూడా ఖాళీగా లేదు.

ఆ రోజు మాత్రం గాలయ్య పరేషాన్‌లో ఉన్నాడు. కాపీలో పదకొండూ డ్రైవర్ల పేర్లే. తూప్రాన్‌లో రాస్తారోకో ఉందని తెల్లారకముందే వాళ్లంతా ట్రాక్టరెక్కి వెళ్లిపోయారు.

"పదకొండు దండలు దెచ్చి పెట్టిన బిడ్డా," అన్నాడు కూతురితో. "మెడలే లేవు."

దేవిక నవ్వు ఆపుకుంది. గాలయ్య మాత్రం ఎక్కువసేపు తల పట్టుకుని కూర్చోలేదు. రోడ్డు దాటి సైకిళ్లు బాగుచేసే ఎల్లంను పిలిచాడు.

"నేను డ్రైవర్ని గాను గదనే గాలన్నా," అన్నాడు ఎల్లం, చేతుల గ్రీజు తుడుచుకుంటూ.

"నిన్ను బస్సు నడపమన్ననా? పొద్దూకెదాంక కూసునుడు వస్తదా రాదా?"

"కూసునుడు మస్తు వస్తది. నా పెండ్లాన్నడుగు."

"గదే పని. రా."

తర్వాత అర్జీలు రాసే వీరయ్యను పట్టుకొచ్చాడు. మూడింటికి వెళ్లిపోవాలన్నాడాయన. ఛాయ్ హోటల్ సువార్తమ్మ తనకు షుగరుందని, పన్నెండు కొట్టగానే ఏదో ఒకటి తినకపోతే కళ్లు తిరుగుతాయని చెప్పింది. "పన్నెండు దాంక నువ్వు కూసో అక్కా. ఆటెన్క నీ జాగల ఇంకొకలు కూసుంటరు," అంటూ ఆమె మెళ్లో దండ వేశాడు. పదిగంటలకల్లా పదకొండు దండలకూ పదకొండు మెడలు దొరికాయి. ఒక్కరూ డ్రైవరు కారు. ఒక్కొక్కరికి ఒక్కో తిరకాసు ఉంది. అయినా టెంటు నిండుగా ఉంది, నినాదాలు రోజూ వినబడేంత గట్టిగానే వినబడుతున్నాయి.

కాపీలో డ్రైవర్ల పేర్లు కొట్టేస్తూ గాలయ్య తనలో తను అనుకున్నట్టుగా అన్నాడు. "ఒక్క తీరోళ్లనే నమ్ముకొని రాసిన. గదీ నా తప్పు. పేరు ఎవలదైతేంది, జాగ ఖాళీ ఉండొద్దు."

క్యాను కింద పెట్టబోతున్న దేవిక చెయ్యి అక్కడే ఆగింది.

ఇంటికెళ్లగానే పాత చెప్పుల డబ్బా దించింది. పనికిరావని పడేసిన చిల్లర కార్డులన్నీ అందులో ఉన్నాయి. ముళ్ల కంచె ఒకటి దొరికింది. అదీ ఎలాంటి దండునైనా ఆపుతుంది, కాకపోతే వేసినవాళ్లకు ఒక ప్రాణం పోతుంది. నీళ్ల కందకం అనే ఇంకో కార్డు గుర్తొచ్చింది, అదీ ఆపుతుంది. అయితే నేలమీద వచ్చే దండునే, ఎగిరొచ్చేవాటిని కాదు. ఈ తిరకాసుల వల్లే ఊళ్లో ఎవరూ వాటిని కట్టలో పెట్టుకోరు. కానీ చేసే పని? తలుపు పనే.

నోట్‌బుక్ తీసి లెక్క కట్టింది. నలభైలో మూడు తలుపులుంటే, మొదటి ఏడు కార్డుల్లో ఒక్కటైనా వచ్చే అవకాశం నూటికి నలభై ఐదు. అంటే సగం ఆటలు కూర్చోకముందే ఓడిపోతున్నట్టు. మూడు తలుపులు, మూడు కంచెలు, మూడు కందకాలు కలిపి తొమ్మిది పెడితే? రెండుసార్లు సరిచూసింది. నూటికి ఎనభై ఆరు.

ఇన్నాళ్లూ తన తలరాత బాలేదనుకుంది. రాత కాదు, కట్ట కట్టిన తీరు.

కొత్తవాటికి చోటు కావాలంటే ఆరు కార్డులు తీసేయాలి. ఏనుగు దండు తీస్తుంటే ప్రాణం ఉసూరుమంది. ఎన్ని ప్యాకెట్లు చింపితే దొరికిందో అది! అయినా తీసి పక్కన పెట్టింది. పిడుగునూ తీసింది. కత్తినీ తీసింది.

"ఏందే, పొద్దుగాల్ల పత్తాలు ముంగటేసుకున్నవు?" అంది తల్లి పెంటమ్మ, చేటలో బియ్యం చెరుగుతూ. "పత్తాలాడితె నౌకరిచ్చే కంపెనీ గూడ ఉంటదా?"

"ఉన్నదమ్మా. ఆదివారం నాకిస్తది."

"అబ్బో! ఆర్డరు గూడ వచ్చినట్టే చెప్తున్నవు."

మిగతావాటి కోసం జయానందం సార్ దుకాణానికి వెళ్లింది. ఎవరూ కొనని విడి కార్డుల సీసా ఒకటి మూల పెట్టి ఉంటుందక్కడ. "గియ్యి ఎవ్వలు ముట్టరమ్మా," అన్నాడాయన. కందకాలు మూడూ అందులోనే దొరికాయి. కంచెలు లేవు. అక్కడే పేపరు చదువుతున్న అఖిల్ ఆమె ఏరుతున్నవి చూసి పగలబడి నవ్వాడు.

"కంచెలా? నా దగ్గర రెండున్నయి. తీస్కో, ఊకెనే ఇస్తున్న. ఒకదాని మీద మిర్చిబజ్జీ నూనె పడ్డది, ఏమనుకోకు."

"ఏమనుకోను," అని దేవిక రెండూ జాగ్రత్తగా నోట్‌బుక్‌లో పెట్టుకుంది.

ఆదివారం బుక్‌స్టాల్ ముందు షామియానా వేశారు. కంపెనీ మనిషి హైదరాబాద్ నుంచి బైకు మీద వచ్చాడు. ఆడేవాళ్లు పదహారు మంది, చూసేవాళ్లు నాలుగింతలు. సమ్మెలో ఉన్న పంతుళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. దేవిక మొదటి ఆట గెలిచింది. రెండోదీ గెలిచింది. మూడోదానిలో ఒక కంచె, రెండు కందకాలతోనే నెట్టుకొచ్చింది. ఒక్కసారి కూడా ఖాళీ చేతులతో కూర్చోలేదు. గెలుపులు పెద్ద చూడముచ్చటగా లేవు. "గీ పిల్ల ఏం జేస్తలేదు, ఊకె ఆపుతున్నది," అన్నాడు వెనక ఎవరో.

చివరి ఆటలో ఎదురుగా అఖిల్ కూర్చున్నాడు.

దేవిక ఏడు కార్డులు తీసి చూసింది. ఒక తలుపు, ఒక కందకం, ఒక కంచె, నలుగురు చిన్న సిపాయిలు. కంచె మీద నూనె మరక ఉంది. మొహంలో ఏమీ కనబడనివ్వలేదు.

నాలుగు వంతులు సమంగా సాగాయి. ఇద్దరూ సిపాయిలతో ఒకరినొకరు గిల్లుకున్నారు. దేవికకు నాలుగు ప్రాణాలు, అఖిల్‌కు ఆరు మిగిలాయి. అప్పుడు అఖిల్ నవ్వుతూ ఒక కార్డు బల్లమీద పెట్టాడు. పేరు పిలుపు. అది వేసినవాళ్లు ఏ కార్డు పేరు పిలిస్తే, ఎదుటివాళ్ల చేతిలో, కట్టలో ఉన్న ఆ పేరు కార్డులన్నీ బయటికి పోవాలి.

"ఇనుప తలుపు," అన్నాడు అఖిల్, బడిలో హాజరు పిలిచినట్టు.

చూసేవాళ్లలో కలకలం రేగింది. దేవిక చేతిలో ఉన్న తలుపు తీసి పక్కన పెట్టింది. కట్టలోంచి మిగిలిన రెండూ వెతికి తీసింది. మూడు తలుపులూ పోయాయి.

"అయిపాయె," అన్నాడొక పంతులు.

"ఆడనియ్యుండ్రి సార్," అంది దేవిక.

అఖిల్ సింహాల దండును పంపాడు. దేవిక చేతిలో రెండు అడ్డులున్నాయి. ఏది వేసినా సింహాలు ఆగుతాయి. ప్రాణం పోదు కదా అని కందకం ఎంచుకున్నట్టే కనబడింది చూసేవాళ్లకు. కానీ ఆమె లెక్క వేరు. సింహాలు నడిచొచ్చేవి. వాటికి కందకం చాలు. ఎగిరొచ్చేది ఇంకా రాలేదు.

"కందకాలు దింపినవా!" అఖిల్ కుర్చీలో వెనక్కి వాలాడు. "తలుపులు లేవు. ఇగ నీ చేతిలున్నయి గూడ గవే అయ్యుంటయి. ఎన్నున్నా నా గరుడానికేం లెక్క?"

దేవిక తన వంతులో ఇంకో సిపాయిని నిలబెట్టి ఊరుకుంది. ఇప్పుడు ఆమె ముందు ముగ్గురు సిపాయిలున్నారు.

అఖిల్ ఆలోచించలేదు. అగ్ని గరుడాన్ని దింపాడు. దాని బలం రెట్టింపు కావాలంటే మిగిలిన దండంతా దానితోపాటు బయలుదేరాలి. అన్ని కార్డులూ పక్కకు తిప్పాడు. తిప్పిన కార్డులు మళ్లీ తన వంతు వచ్చేదాకా కోట కాయలేవు. ఆ సంగతి అతనికీ తెలుసు. తెలిసే చేశాడు, ఇక తన వంతు రావలసిన అవసరం లేదనుకున్నాడు కాబట్టి.

దేవిక ముళ్ల కంచె బల్లమీద పెట్టింది.

"ఒక ప్రాణం నాది పోయింది. ఇంక మూడున్నయి," అంది. "నీ దండు ఆగింది."

అఖిల్ ఆ కార్డు మీదికి వంగాడు. మూలన పసుపుపచ్చగా మరక.

"ఏయ్! గిది నాది గద!"

"నీదే. ఊకెనే ఇస్తివి."

జనం ఘొల్లున నవ్వారు. కంపెనీ మనిషి కూడా నవ్వు ఆపుకోలేక తల దించుకున్నాడు. దేవిక తన ముగ్గురు సిపాయిలనూ ముందుకు జరిపింది. ఒక్కొక్కరి బలం రెండు. ఖాళీ కోటలో వాళ్లను ఆపేవాళ్లెవరూ లేరు. ఆరు ప్రాణాలూ పోయాయి.

అఖిల్ గరుడాన్ని జేబులో పెట్టుకుని, చెయ్యి చాపాడు. "నువ్వు గెలిచింది కార్డులతోని గాదు దేవికా. దుకాణంల కూడ గిట్లనే చెప్తవా అందరికి?"

"చెప్త. నువ్వు గూడ రా, నేర్పిస్త. ఆదివారాలు ఫీజు లేదు."

జయానందం సార్ అక్కడికక్కడే కాగితం మీద ఆమె పేరు రాయించాడు. సోమవారం పొద్దున పదకొండుకల్లా రమ్మన్నాడు.

సాయంత్రం టెంటు దగ్గర నిమ్మరసం గ్లాసులు పంచుతున్నప్పుడు దేవిక కాగితం తండ్రి చేతిలో పెట్టింది. గాలయ్య దాన్ని టిక్కెట్టు సరిచూసినట్టు అటూ ఇటూ తిప్పి చదివాడు. రెండోసారి చదివాడు. తర్వాత అన్నాడు.

"మరి మీ మామకేం జెప్పాలె?"

"ఇంకొకలని కూసుండబెట్టుకొమ్మను బాపూ. పేరు ఎవలదైతేంది."

గాలయ్యకు తన మాటే తనకు ఎదురొచ్చినట్టయింది. పక్కనున్న ఎల్లం, "బిడ్డ నీకంటె పెద్ద కండక్టరున్నదే గాలన్నా," అన్నాడు. గాలయ్య నవ్వి, కాగితం జేబులో భద్రంగా పెట్టుకుని, దీక్ష కాపీ తెరిచాడు. రేపటి పేజీలో పది పేర్లున్నాయి. పదకొండో గీత ఖాళీగా ఉంది. పెన్ను మూత తీసి కూతురివైపు చూశాడు.

"నాది రాయి," అంది దేవిక. "గని పదిన్నరకు లేస్త. డ్యూటీ ఉన్నది."