వర్తించని గళ్లు

పఖాళ చద్దన్నంలో నీళ్లు తగ్గాయని ఆ పొద్దున గదాధర్ బాబు మూడుసార్లు కేకపెట్టాడు. నీళ్ల చెంబు ఆయన చేతికి జానెడు దూరంలోనే ఉంది. కుంతల వచ్చి పోసింది. మొగుడికి పక్షవాతం వచ్చింది కాబట్టి పోసిందనుకుంటే పొరపాటే. ముప్ఫై ఒక్క ఏళ్లుగా పోస్తూనే ఉంది. ఏడు నెలల కిందటి పక్షవాతం ఆ పనికి మర్యాదైన కారణం తెచ్చిపెట్టింది, అంతే.

కార్తీకం వస్తోంది. వీధిలోని ఆడవాళ్లు పూరీ వెళ్లి నెలంతా హబిష వ్రతం పడతారు. సముద్రస్నానం, ఒంటిపూట అన్నం, మిగతా పొద్దంతా కబుర్లు. ఈ ఏడాది బస్సులో కుంతలకూ చోటు అట్టిపెట్టారు, రేపటిలోగా మాట చెప్పాలి. "నేను పోయాక తీరిగ్గా వెళ్దువుగానిలే," అనేవాడు గదాధర్ బాబు ఏటేటా. బతికున్నన్నాళ్లూ అత్తగారు ఆ మాటకు పడీపడీ నవ్వేది. కుంతల నవ్వేది కాదుగాని, ఆ పూట పప్పులో ఉప్పు ఓ పిసరు ఎక్కువ పడేది.

ఆ మధ్యాహ్నం కటక్ పునరావాస కేంద్రంలో థెరపిస్టు మినతి, రోగి ఏయే పనులు చేసుకోగలడో రాసే ఫారం తీసి నాలుక కరుచుకుంది. "మౌసా, మొదటిసారి మీ ఇంటిపనుల గళ్లన్నిటికీ 'వర్తించదు' అని రాసేశాను. మగవాళ్లందరికీ అలాగే రాసేస్తున్నామని మా మేడం చీవాట్లు పెట్టింది. ఇది లోకమంతా వాడే ఫారం, ఇందులో ఆడా మగా తేడా లేదు. పదండి!"

వంటిల్లులా అమర్చిన మూలలో గదాధర్ బాబు సణుగుతూనే పొయ్యి వెలిగించాడు. దొండకాయలు తరిగాడు. టీ పెట్టి, చుక్క ఒలక్కుండా వడగట్టాడు. కుంతల నోరు తెరుచుకుని చూసింది. టీ బావుంది కూడా, ఖర్మ!

"ఇక్కడ చేయగలిగిందానికి ఇబ్బంది సున్నా," అని రాసింది మినతి. "మరి ఇంట్లో చేస్తున్నారా?"

"ఇంట్లో నాకేం అవసరమమ్మా, ఇది ఉందిగా!"

"అయితే నాలుగు. పూర్తి ఇబ్బంది."

మినతి కలం తర్వాతి గడి దగ్గర ఆగింది. చేయగలిగిన మనిషిని ఇంట్లో చేయనివ్వని అడ్డంకి ఏమిటో అక్కడ రాయాలి. ఆ పిల్ల కుంతల వైపు చూసి చప్పున తల దించుకుంది. "వంటగట్టు ఎత్తా మౌసీ? సామాన్లు అందవా?"

కుంతలకు అర్థమైంది. ముప్ఫై ఒక్క ఏళ్ల చాకిరీకి ఈ కాగితంలో దక్కిన పేరు అడ్డంకి! ముందు కడుపు మండింది. ఆ మంట ఆరకముందే లోపలెక్కడో నవ్వు పుట్టింది. లక్ష్మి, అన్నపూర్ణ అంటూ ఇంటిల్లిపాదీ పొగిడినన్నాళ్లూ గడప దాటడానికి దారే కనిపించలేదు. అన్నపూర్ణ సెలవు పెడితే పాపం. అడ్డంకి తొలగిపోతే అందరికీ మంచిదేగా! ఎన్నేళ్లయింది, ఒళ్లింత తేలికపడి?

"అన్నీ అందుతాయి తల్లీ. 'భార్య' అని రాయి," అంది నవ్వు ఆపుకోకుండానే. "పక్కనే ఇంకోటి కూడా రాయి. కార్తీకం నెల్లాళ్లూ ఆ అడ్డంకి పూరీలో ఉంటుంది."