పడుగు అతికిన కారు

నార్కట్‌పల్లి హైవే పక్కన గాలయ్యకు ఫైబర్ షెడ్డు ఉంది. తాతల మగ్గం వదిలేసి నీళ్ల ట్యాంకులు చేసుకునే మనిషికి స్పోర్ట్స్ కారు ఎలా తగులుకుందంటారా? పుర్రెకో బుద్ధి అన్నారు. హైదరాబాదు కృష్ణకాంత్‌కు పాత ఇంగ్లీషు కార్లంటే పిచ్చి.

ఇంగ్లండులో ఒకాయన ఇంటి వెనక రేకుల షెడ్డులో సొంత చేతులతో కార్లు కట్టేవాడట. ఒక కొత్త కారును ఏళ్ల తరబడి తీర్చిదిద్ది, పరీక్షకు తోలుకుపోయి అందులోనే చచ్చిపోయాడు. కారు ఎందుకు బోల్తాపడిందన్నది ఎవరికీ అంతుపట్టలేదు. ఆ కారు నక్షలు, బాడీ మూస, విరిగిన బాడీ ముక్క ఒకటి కృష్ణకాంత్ కొనితెచ్చాడు.

"ఆయన సగంల ఇడిసింది మనం పూర్తి చేద్దాం గాలయ్యా," అన్నాడు.

ఇంజనూ చక్రాలూ గాలయ్య కూతురు సుమన చూసుకుంది. నల్లగొండలో మెకానికల్ చదివిన పిల్ల, నక్షలో ఎలా ఉంటే అలాగే బిగించింది. బాడీ గాలయ్యది.

మగ్గం వదిలినా చేతులు మరుస్తాయా? నేత ముగిశాక పాత పడుగును మొత్తం తీసెయ్యరు. కొస కాస్త ఉంచి, కొత్త పోగులు దానికే అతుకుతారు. గాలయ్య అలాగే ఆ విరిగిన ముక్కను మూసలో పెట్టి, దాని అంచు నుంచే కొత్త ఫైబర్ గాజుబట్ట పరిచాడు. ఆ పాత ముక్క డ్రైవరు కాళ్ల దగ్గరకు వచ్చింది.

సుమన రోజూ కారును పరీక్షకు తీసుకుపోయేది, రోజూ ముఖం మాడ్చుకుని వచ్చేది.

"బాపూ, జర స్పీడు అందుకున్నదో లేదో, దానంతటదే బ్రేకు పడ్తాంది."

అంతా విప్పి చూశారు. ఏ లోపమూ లేదు.

ఒక మధ్యాహ్నం గాలయ్య ఒక్కడే కారు తుడుస్తున్నాడు. ఖాళీ సీటు ముందు బ్రేకు పెడలు మెల్లగా కిందికి దిగింది. కాసేపు అలాగే ఉండి పైకి లేచింది. ఆ పాత ముక్క మీద చెయ్యి వేస్తే మనిషి ఒళ్లులా వెచ్చగా ఉంది. గాలయ్యకు పైప్రాణాలు పైనే పోయాయి. చచ్చినవాడు నా బిడ్డతో తిరుగుతున్నాడు!

బిడ్డకు చెప్పకుండా ఆ ముక్కను కోసి మూసీ నదిలో పారేసి వచ్చాడు, కోసినచోట కొత్త బట్ట అతికాడు.

మర్నాడు సుమన తోలితే కారు ఎక్కడా ఆగలేదు. కృష్ణకాంత్ చప్పట్లు కొట్టాడు. గాలయ్య తన తెలివికి తానే మురిసిపోయాడు. ఆ మురిపెం మలుపు దాకానే. ముందు చక్రం ఊడి, కారు పల్టీలు కొట్టి పత్తిచేలో పడింది.

దవాఖానలో సుమన కాలికి కట్టు కట్టారు. కృష్ణకాంత్ తల పట్టుకుని కూర్చున్నాడు. "చక్రాన్ని పట్టే కడ్డీ ఇరిగింది. తప్పు నక్షలనే ఉంది. గా స్పీడుకు అది ఆగది. ఆయన గూడ గిట్లనే పోయిండు గాలయ్యా."

సుమన కళ్లు తెరిచింది.

"బాపూ, చెప్తే కారు ముట్టనియ్యవని చెప్పలే. రోజూ నా కాలు మీద కాలేసి బ్రేకు తొక్కేటాయన ఇయ్యాల రాలేదేంది?"

గాలయ్య ఆమె మంచం పట్టె పట్టుకుని బావురుమన్నాడు.

"నేనే ఎల్లగొట్టిన బిడ్డా," అన్నాడు.