జయరావు జేబులోని సువార్త

ధనంజయ ఇంటి తలుపు తట్టేటప్పటికే తాయమ్మ ఒళ్ళు కోపంతో మండిపోతోంది. చిత్తూరు నుంచి తిరుపతి దాకా బస్సులో నిలబడే వచ్చింది. ముందురోజు ఆమె మామిడికాయల మండీలో కూలికి పోయిన వేళ చూసి, బావ తిరుమలయ్య ఆమె ట్రంకుపెట్టె తెరిచాడు. డెబ్భై ఒకటి యుద్ధంలో చనిపోయిన ఆమె మొగుడు జయరావు చొక్కా జేబులో దొరికిన చిన్న సువార్త పుస్తకాన్ని తీసుకెళ్ళి ధనంజయకు ఇచ్చేశాడు.

ధనంజయ రిటైరైన లెక్చరర్. సిపాయిలు యుద్ధానికి పట్టుకెళ్ళిన గీతలు, ఖురానులు, సువార్తలు ఊరూరా తిరిగి పోగుచేస్తాడు. తాయమ్మ అతణ్ణి రెండుసార్లు వాకిట్లోంచే పంపేసింది.

"నా పుస్తకం ఇయ్యి సామీ."

"మీ బావే ఇచ్చాడమ్మా."

"ఇచ్చేదానికి ఆయప్పెవురు? సచ్చింది నా మొగుడు!"

"వాళ్ళబ్బాయికి కాలేజీలో సీటు ఇప్పించమన్నాడు. సంతోషంగానే ఇచ్చాడు."

ధనంజయ భార్య పంకజాక్షి చెంబుతో నీళ్ళు తెచ్చి బల్లమీద పెట్టింది. తాయమ్మ ముట్టుకోలేదు.

ధనంజయ అద్దాల బీరువా చూపించాడు. "చూడు, ఎంత భద్రంగా ఉందో. నీ పెట్టెలో చెదలు తినేస్తాయి. అయినా నీకు చదవడం రాదు గదా."

తాయమ్మ అద్దం దగ్గరికి వెళ్ళి చూసింది. పుస్తకం బోసిగా ఉంది. జయరావు పటాలానికి బయలుదేరే ముందు తన పెళ్ళిచీర కొంగు చించి, దానికి తొడుగు కుట్టింది ఆమే. రక్తం మరకలతో తిరిగొచ్చిన ఆ తొడుగును ఇన్నేళ్ళూ ఉతకలేదు.

"దీని గుడ్డ యాడ?"

"అదా? మురికి గుడ్డ. పుస్తకానికి పురుగు పడుతుందని పొయ్యిలో వేయించాను."

తాయమ్మ చెంబు అందుకుని అద్దం మీద ఒక్కటేసింది. నీళ్ళూ గాజుపెంకులూ గదంతా చెదిరాయి. పుస్తకం తీసి రవికలో దోపుకుంది. చెయ్యి తెగి నెత్తురు కారుతున్నా చూసుకోలేదు.

"దొంగముండా! పోలీసుల్ని పిలుస్తా!" ధనంజయ అడ్డం వచ్చాడు.

"పిలువు. ఎవురి మొగుడి పుస్తకం ఎవురింట్లో ఉండాదో ఆళ్ళకే సెప్తా."

పంకజాక్షి మొగుడి చెయ్యి పట్టి వెనక్కి లాగింది. "ఆమెను పోనీండి. ఆ గుడ్డేమిటో చెప్పకుండా నాచేత పొయ్యిలో వేయించారు. ఇంక నోరెత్తకండి."

సాయంత్రం చిత్తూరులో తిరుమలయ్య ఆమె గుమ్మంలోనే కాచుకుని ఉన్నాడు. "గొడవ చేసినావా తాయీ? మావోడి సీటు సంగతి..."

తాయమ్మ అతని మొహాన తలుపు వేసేసింది. ఆ తర్వాత చర్చిలో అయ్యగారు రాజీ పడమని ఎన్నిసార్లు చెప్పినా, తిరుమలయ్య కూతురి పెళ్ళికి కూడా ఆమె ఆ గడప తొక్కలేదు.